నీళ్లు నిమ్మళించేదాకా

“అయ్యో! గాజు మీంచి చెయ్యి తియ్యండి!”

పరిశోధక విద్యార్థిని అరుపుకి, అలల తొట్టెని ఆనుకుని నిలబడ్డ నడివయసు మనిషి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

పొడవాటి ఆ గాజు తొట్టెలో ఒక కొసన యంత్రం అలని పుట్టిస్తుంది. రెండో కొసన తీరం దగ్గరి సముద్రపు అడుగులాగా చెక్కతో చేసిన వాలు. అల ఆ వాలెక్కి విరిగిందెంత, వెనక్కి తిరిగొచ్చిందెంత అన్నది కొలవాలి. ఒక కొలత అయ్యాక నీళ్లు పూర్తిగా నిమ్మళిస్తే గానీ రెండో కొలత పనికిరాదు. ఆ ఎదురుచూపులతోనే ఆమెకి సగం ప్రాణం పోతోంది.

“మళ్లీ మొదటికొచ్చింది,” అని కుర్చీలో కూలబడింది.

“నీళ్లు ఆగాయేమో చూద్దామని అమ్మా...”

“మీరు చూస్తే ఆగుతాయా?”

ఆయన నవ్వేసి గోడవార బెంచీ మీద కూర్చున్నాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. డాక్టరు పిలుపు కోసం చూసేవాడిలా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

ఈ వారంతో తొట్టెని మరమ్మతుకి మూసేస్తున్నారు. ఈయన నీళ్లు తోడే పంపు మనిషి కాబోలు, ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాపు కాస్తున్నాడనుకుంది. ఒళ్లు మండింది.

నిజానికి తొట్టె వాడుకోడానికి ఆమెకిచ్చిన గడువు పోయిన వారమే తీరిపోయింది. ఎవరూ లెమ్మనలేదు. గైడు గారు మాట్లాడి ఉంటారులే అని తనూ నోరెత్తలేదు.

ఆ రోజు అమ్మ ఫోను చేస్తే ఏడుపొచ్చేసింది.

“సగం కొలతలే అయ్యాయమ్మా. ఇప్పుడు లేపేస్తే ఇన్నేళ్ల చదువూ గంగపాలే.”

ఫోను పెట్టేసేసరికి ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఏంటండీ? ఖాళీ చెయ్యమంటారా?”

ఆయన నోటిదాకా వచ్చిన మాటేదో మింగేశాడు. “లేదమ్మా, కానివ్వు. టీ తెచ్చిపెట్టనా?”

“కదలకుండా కూర్చోండి, అదే పదివేలు.”

ఆయన కదలకుండా కూర్చున్నాడు.

వారాంతానికి కొలతలన్నీ అయ్యాయి. మర్నాడు తన వాలు చెక్క తీసుకుందామని వచ్చేసరికి తొట్టెలో నీళ్లు తోడేస్తున్నారు. తొట్టె బాగోగులు చూసే పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు.

“బాబాయ్, థాంక్స్ చెబితే గైడు గారు తెల్లమొహం వేశారు. మరి నాకు గడువు పెంచిందెవరు?”

“ఎవరూ పెంచలేదు. నిన్ను లేపుదామనే వచ్చాను. బెంచీ మీదాయనే నన్ను ఆపాడు. ‘ఏడుస్తోంది, వదిలెయ్యండి’ అన్నాడు.”

“పంపు మనిషా?”

“పంపు మనిషి అడుగో, ఇందాకేగా వచ్చాడు!”

“మరి ఆయనెవరు?”

పెద్దాయన నిట్టూర్చాడు.

“నిన్నే ఊరెళ్లిపోయాడు. తొట్టె మళ్లీ తెరిచేది వచ్చే ఏడాది, ఈ ఏడాదితో ఆయన చదువు గడువు తీరిపోతుంది. ఉద్యోగానికి సెలవు పెట్టుకుని వచ్చిన పరిశోధక విద్యార్థి తల్లీ, నువ్వు కొలుచుకున్న ఈ వారమంతా ఆయన వంతు.”