మూడో కుర్చీ

"మళ్లీ ఎందుకు లేచారు?"

పళ్ల డాక్టరమ్మ సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసింది. లారీ డ్రైవరు కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. కుడి దవడ వాచి, ఆ వైపు మీసం పైకి లేచినట్టు కనబడుతోంది. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది.

"ఆ గ్లౌజులు కొత్తవేనాండీ?"

"మీ ముందేగా వేసుకున్నాను."

"వేసుకున్నాక తలుపు పట్టుకున్నారు మరి."

డాక్టరమ్మ అతణ్ణి ఒక్క క్షణం చూసింది. గ్లౌజులు తీసి మూత ఉన్న డబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని కొత్త జత వేసుకుంది. మూల స్టూలు మీదున్న అతని అక్క తల కొట్టుకుంది.

"బ్రేకులు పోయిన బండిని కొండ దింపినవాడమ్మా వీడు. సూది చూస్తే పిల్లిలా అయిపోతున్నాడు. ఇప్పటికి రెండుచోట్ల కుర్చీ ఎక్కి దిగొచ్చేశాడు. ఒకచోట పనిముట్లు కుళాయి కింద కడిగి పెట్టేశారట. ఇంకోచోట వాడిన సూదే మళ్లీ మందు సీసాలో ముంచారట. ఆ వంకలతో దవడ చూడండి ఎలా చేసుకున్నాడో."

"అవి వంకలు కావమ్మా. దిగిపోయి మంచిపనే చేశారు." డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "నోరు తెరవండి. ఇంకా."

రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. దవడ కింద నొక్కి చూసేసరికి ఆమె గొంతు మారింది.

"చీము కిందికి దిగుతోంది. ఇవాళ కూడా వెళ్లిపోతే గొంతుదాకా పాకుతుంది. ఊపిరాడదు. ఇది ఇప్పుడు పంటి సంగతి కాదు, ప్రాణం సంగతి."

అక్క స్టూలు మీంచి లేచి నిలబడింది. అతను మాత్రం కుర్చీలో వెనక్కి వాలలేదు.

"పనిముట్లు?"

ఆమె అతికించి ఉన్న పొట్లం చూపించింది. "ఆవిరి మిషన్లో పెట్టి తీసినవి. ఈ గీత నల్లబడిందంటే సరిగ్గా శుభ్రమైనట్టు."

అతను పొట్లాన్ని దీపం కిందికి పెట్టి తిప్పితిప్పి చూశాడు. "పన్ను తొలిచే ఆ గిర్రున తిరిగే మిషనో?"

"అదీ అంతే."

"సూది?"

"మనిషికొకటి. పనవగానే గట్టి డబ్బాలోకి."

"అందరికీ ఇలాగేనా? నేను అడుగుతున్నానని కాదు కదా?"

"ఎవరొచ్చినా ఇంతే."

అద్దాల తలుపు అవతల స్కూలు బట్టల్లో ఒక పాప బెంచీ మీద కాళ్లూపుకుంటూ కూర్చుంది. అతను చాలాసేపు అటే చూశాడు.

"ఆ పాప కూడా పంటికేనా?"

"మీ తర్వాత తనే."

"నీకన్నా ఆ పిల్ల నయంరా," అంది అక్క.

అతను గుటక మింగాడు. మింగడానికే కళ్లలో నీళ్లొచ్చాయి.

"అక్కా, కాసేపు బయట కూర్చో."

"చెయ్యి పట్టుకుంటాలేరా."

"కూర్చోమంటున్నాను కదా."

ఆమె గొణుక్కుంటూ వెళ్లింది. తలుపు మూసుకుంది. డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఇంత భయం ఊరికే రాదు. హెపటైటిస్ గురించి ఎవరైనా చెప్పారా? రక్తం ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఆ కామెర్ల గురించేనా?"

"దాని గురించే."

"అన్నీ చూపించాను. ఇంకా వెనకాడుతున్నారెందుకు?"

అతను తలుపు గట్టిగా పడిందో లేదో చూసుకున్నాడు.

"చెప్పాక పొమ్మనరు కదా?"

"అనను."

"ఆ జబ్బు ఉన్నది నాకేనండీ."