తోడిన నేత

తప్పులుంటే మన్నించండి; అక్షరాలు నిరుడే నేర్చాను, చెయ్యి నెమ్మది.

ఇప్పుడు ఏ పనితనాన్నయినా ఒక తలలోంచి తోడి మరో తలలో పోస్తున్నారు. అలా బాలమణి నలభై ఏళ్ల నేతపని గంటలో కోడలు మౌనికకు చేరింది. తోడిన చోట చుక్కయినా మిగలదని ఒప్పుదల కాగితంలో ఉంది. బాలమణి వేలిముద్ర వేసేముందు కోడలు ఆ ఒక్క మాట మాత్రం చదివి వినిపించలేదు.

మర్నాడు మగ్గం మీద తెగిన పోగు అతకబోతే బాలమణి వేళ్లు తడబడ్డాయి.

"ముట్టకు అత్తమ్మా, చెడగొడ్తవ్," అంది మౌనిక. అచ్చం అత్తలాగే పెదవి మునిపంట నొక్కి, చూడకుండానే ముడేసింది.

"నేను మా అత్త దెబ్బలు తిని నేర్సుకున్న. నువ్వు నాకు మంచిగ నేర్పు బిడ్డా."

మౌనిక పకపకా నవ్వింది. "ఎట్ల నేర్పాలె? నేను నేర్సుకుంటే గద!"

— గంజి బాలమణి, డెబ్బై ఒక్క ఏళ్లు, పుట్టపాక. అదే ఇల్లు, మగ్గం లేని గది.