ఆయన చేతి కుట్టు

“మిషను అమ్మేద్దాం. ముందుగదంతా అదే ఆక్రమించుకుని కూర్చుంది,” అన్నాడు పెద్దకొడుకు.

“ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందన్నయ్యా?” కూతురు విసురుగా వెళ్ళి కుట్టుమిషను మీద చెయ్యి వేసి నిలబడింది. “నాన్న పోయి నెల కూడా కాలేదు.”

“ఉంచుకుని ఏం చేస్తాం చెప్పు? సూదిలో దారం ఎక్కించడం నీకొచ్చా, నాకొచ్చా?”

కిటికీ దగ్గర కుర్చీలో వాళ్ళమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇద్దరి వైపూ చూడలేదు.

“దీని మీదే కదా నాన్న మనల్నీ, బాబాయిలనీ, అత్తనీ ఒడ్డుకు చేర్చింది!” అంది కూతురు.

పెద్దకొడుకు మెత్తబడ్డాడు. “నాకు మాత్రం గుర్తులేదా? నా నిక్కరు అంచు లోపల జానెడు గుడ్డ మడిచి కుట్టేవాడు. నేను పొడుగయ్యే కొద్దీ ఒక్కో మడతా విప్పేవాడు. బళ్ళో నా పేరు అందరూ మర్చిపోయారు. ‘మడతల నిక్కరు’ అనే పిలిచేవాళ్ళు.” నవ్వాడు.

“అన్నం దగ్గర కూర్చున్నా ఆయన కాళ్ళు ఊరుకునేవా? పెడలు తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేవి,” అంది కూతురు. “తొంభై దాటినా పని మానలేదు. మంచాన పడే రోజు దాకా కుట్టాడు. ఒక్క కుట్టు వంకర పోయిందని ఎవరైనా అన్నారా? అదీ నాన్న చూపంటే!”

“చూపా?” తల్లి చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. “మీ నాన్నకి దగ్గరిచూపు ఆనక ఏళ్ళయిందమ్మా.”

“మరి ఆ కుట్లు?” అంది కూతురు.

“పొద్దున ఆయన కుట్టేవారు. మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు తీసేవారు. అప్పుడు నేను అదంతా విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. కాజాలూ గుండీలూ మొదటినుంచీ నావేగా, మిగతాది చూసి చూసి చెయ్యి తిరిగింది. ఆయనకన్నా బాగా చిన్నదాన్ని, నా కళ్ళకింకా ఏ ఢోకా లేదు.”

“మరి ఆయనకి చెప్పలేదా?” అడిగాడు కొడుకు.

“ఎలా చెప్పమంటావురా? ఇంటిల్లిపాదినీ ఆ చేతులతో సాకిన మనిషి. ‘ఇక మీవల్ల కాదు’ అన్నానంటే ఆ పూటే మంచం పట్టేవారు. చేతినిండా పని ఉందనుకుంటూనే పోయారు. నాకు ఆ తృప్తి చాలు.”

కూతురు వచ్చి తల్లి కుర్చీ పక్కన కింద కూర్చుంది. మిషను ఊసు ఇక ఎవరూ ఎత్తలేదు.

గుమ్మంలో ఎవరో దగ్గారు. ఎదురు వరసలోని చెప్పుల షాపాయన. తండ్రికి పాత స్నేహితుడు. ఊళ్ళో లేడు, తన కూతురింటికి వెళ్ళి నిన్ననే తిరిగొచ్చాడు. చంకలో గుడ్డ మడత ఉంది.

“ఆఖరి చూపు కూడా దక్కలేదు వదినా,” అని కళ్ళొత్తుకున్నాడు. కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. తర్వాత గుడ్డ ముందుకు చాపి, “ప్యాంటుకి...” అంటూ నసిగాడు.

“నాన్న లేరుగా బాబాయ్. ఇంకెక్కడైనా ఇచ్చుకోండి,” అన్నాడు పెద్దకొడుకు నెమ్మదిగా.

“ఆయన మాట మీదే తెచ్చానయ్యా. ‘నేను పోయినా గుడ్డ మా ఇంటికే పట్టుకురా, మా ఆవిడ చెయ్యి ఆగకూడదు’ అని మాట తీసుకున్నాడు.”

తల్లి ఉలిక్కిపడింది. “నేను కుడుతున్నట్టు ఆయనకెలా తెలుసు?”

“తెలియకపోవడమేంటి వదినా! నాతో ఎప్పుడో చెప్పాడు: ‘నేను పడుకున్నాననుకుని పాపం అంతా విప్పి కుడుతుంది. నాకు తెలుసని తెలిస్తే బాధపడుతుంది. అందుకే, విప్పేటప్పుడు వేళ్ళు నొప్పెట్టకుండా, అన్నీ పెద్ద పెద్ద కచ్చా కుట్లే వేసిపెడుతున్నాను’ అని.”