గోనెపట్టా పరిచిన పీట

“పైపు కట్టెయ్ కుప్పమ్మా! ఎన్నిసార్లు చెప్పాల?”

ప్రాజెక్ట్ మేనేజరు మధుసూదన్ కేకకు కుప్పమ్మ కొళాయి కట్టేసింది. పుంగనూరు శివార్లలో లేస్తున్న ఆడపిల్లల హాస్టలు స్తంభాలకు నీళ్ళు పట్టడం ఆమె పని. స్తంభాలు పోసి ఒక్కరోజే అయింది.

“కాంక్రీటు పచ్చిగా ఉండాది సార్. పది దినాలన్నా తడపకుంటే గుల్లబారిపోతాది. రేపు ఆడబిడ్డలు పండుకునే సోటు.”

“బోరుకు మీటరు పెట్టినారు, కనబడలేదా? నీళ్ళ వాడకం సగం తగ్గితేనే గ్రీన్ సర్టిఫికెట్. పర్యావరణమంటే నీకేం తెలుసు?”

గేటు దగ్గర బ్యానరు వేలాడుతోంది: ‘రాబోయే తరాల కోసం ప్రతి చుక్కా పొదుపు.’ నీటికి బదులుగా స్తంభాలకు పూయవలసిన రసాయనం ఫైలులో ఉంది, సైటులో లేదు.

“కుప్పంలో గూడా ఇట్లే ఆపించినారు సార్. ఆ స్లాబు కిందనే గదా మా రేఖ పోయింది.”

మధుసూదన్ గొంతు తగ్గించాడు. “నీ కూతురి సంగతి నాకూ బాధే. కానీ కోర్టు ఏమనింది? క్యూబులు పాసైనాయి, కాంక్రీటులో తప్పు లేదనింది. అంతే.”

స్తంభాలకు పోసిన కాంక్రీటుతోనే ఆరు క్యూబులు పోసి, ఇరవై ఎనిమిదో రోజున మదనపల్లె ల్యాబులో వాటిని నలగగొట్టి చూస్తారు. కట్టడం బలానికి అవే సాక్ష్యం. మధుసూదన్ వాటిని నీళ్ళ తొట్టిలో వేయించి, పైన రేకు మూయించాడు.

“వీటికి మాత్రం చుక్క తగ్గగూడదు. బాధ్యత నీది.”

“న్యాయంగా సూసుకుంటా సార్.”

ఆ తరువాత ఆమె ఎదురు చెప్పలేదు. ప్రతి మధ్యాహ్నం స్తంభం మొదట్లో, దిమ్మెలు పేర్చి గోనెపట్టా పరుచుకున్న పీట మీద కూర్చుని సంగటి తినేది.

“నీడకు రాగూడదా? తల మాడిపోతాది” అన్నాడు మేస్త్రీ మునిరత్నం.

“ఈ పిల్లర్లకు లేని సల్లదనం నాకు యాలప్పా?”

“ఎండకు మతి పోయినట్టుండాది!” అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇరవై ఎనిమిదో రోజు ఉదయం ల్యాబు ఇంజనీరు ఇరమ్ వ్యానులో వచ్చింది. కుప్పమ్మ రేకు తీసి, నీళ్ళు కారుతున్న క్యూబులను ఒక్కొక్కటిగా అందించింది. ఇరమ్ వాటి మీది తేదీలు సరిచూసుకుని తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నం కుప్పమ్మ నిలబడే సంగటి తిన్నది.

సాయంత్రం మధుసూదన్ ఫోను మోగింది.

“ఆరూ ఫెయిలు సార్. ఉండాల్సిన బలంలో మూడింట రెండు వంతులు కూడా లేదు. స్తంభాల నుంచే ముక్కలు తీసి పరీక్షించాల. అంతవరకూ పని నిలపండి. రిపోర్టు పైకి పంపేసినాను.”

“ఎట్లయితాది మేడమ్? అవి ఇరవై ఎనిమిది దినాలూ నీళ్ళలోనే ఉండాయి!”

“అయితే నీళ్ళలో లేని స్తంభాలు ఇంకెట్లుంటాయో సార్!”

మధుసూదన్ తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. కుప్పమ్మ తొట్టి కడుగుతోంది.

“ఏం చేసినావే వాటిని?”

ఆమె తాను రోజూ కూర్చున్న చోటు వైపు చూసింది. అక్కడిప్పుడు గోనెపట్టా ఒక్కటే ఉంది.

“పిల్లర్లకు పోసినన్ని నీళ్ళే వాటికీ పోసినాను సార్.”