బొటనవేలి ఆవగింజ

"ఈసారి కూడా లేదంటే ఇంక రాం డాక్టరమ్మా," అన్నాడు తండ్రి, కుర్చీలో కూర్చోకుండానే. "ఏడాదిన్నర నుంచీ ఆరు నెలలకోసారి వస్తూనే ఉన్నాం. పళ్ల కోసం వస్తే చెయ్యి ఫోటో తీస్తారు. చూసి, ఇంకా రాలేదు, పోయి రండి అంటారు. కొట్టు మూసి, రెండు బస్సులు మారి వచ్చేది ఈ మాట వినడానికా?"

అతను సైకిళ్లు బాగుచేస్తాడు. ఎంత తోముకున్నా గోళ్ల సందుల్లో గ్రీజు నలుపు పోలేదు. పక్కనే పన్నెండేళ్ల కూతురు. కింది దవడ వెనకే ఉండిపోయి, పై పళ్లు పెదవిని దాటి వచ్చేశాయి. బళ్లో అందరూ పిచ్చుక అంటారు. నవ్వొస్తే నోటికి పిడికిలి అడ్డం పెట్టుకుంటుంది. ఇవాళ ఆ పిల్లకి నవ్వు రావడం లేదు. ఎడమ బొటనవేలి మొదట్లో చిన్న గుడ్డపట్టీ ఉంది.

"అసలు దవడ సంగతి బొటనవేలికెందుకమ్మా?" అన్నాడు తండ్రి.

"వేలికేం పని లేదు. పిల్ల ఏపుగా ఎదిగే కాలం వస్తోందని అక్కడ ముందుగా తెలుస్తుంది. బొటనవేలి మొదటి కణుపు దగ్గర ఆవగింజంత కొత్త ఎముక పుడుతుంది. అది కనపడితే దవడ కూడా పరుగందుకుంటుందని లెక్క. ఆ పరుగులో ఉండగా నోట్లో క్లిప్పు పెడితే దవడ ముందుకొస్తుంది."

"ముందే పెట్టేస్తే?"

"అసలు వేళ వచ్చేసరికి పిల్ల విసిగి తీసి పారేస్తుంది."

"ఆలస్యమైతే?"

"పెద్దయ్యాక కోసి జరపాలి."

తండ్రి కూర్చున్నాడు. కాసేపు తన బొటనవేలినే తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఆ గింజ నాటేవాడెవడో గానీ," అన్నాడు మెల్లగా, "ఇంత చిన్న చోట భలే గుర్తు పెట్టాడు."

ఫోటో గదిలో మిషను నడిపే అతను పిల్లని బల్ల దగ్గరికి రమ్మన్నాడు. "గాజు తియ్యి. ఆ పట్టీ ఏంటి?"

"గీసుకుపోయిందండీ."

"సర్లే, ఉండనీ. వేళ్లు విడదీసి పెట్టు. కదలకు."

పిల్ల ఊపిరి కూడా బిగబట్టింది.

డాక్టరమ్మ గదిలో ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టగానే చెయ్యి వెలిగింది. మాంసం నీడలా కరిగిపోయి, ఎముకలు మాత్రం చిన్న చిన్న కణుపులై నిలిచాయి. ప్రతి ఎముక కొసకీ ఒక సన్నటి నల్లగీత. ఇంకా పెరగడానికి ఒళ్లు ఉంచుకున్న ఖాళీ అది.

"అదిగో," అన్నాడు తండ్రి లేచి. "వచ్చింది. గింజ వచ్చింది."

బొటనవేలి మొదట తెల్లటి చుక్క మెరుస్తోంది.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా వంగింది. "ఇది ఎముక కాదండీ. ఎముక ఇంత తెల్లగా ఉండదు. ఇంత గుండ్రంగానూ ఉండదు."

తండ్రి కూడా వంగాడు. ఇరవై ఏళ్లుగా వేళ్ల మధ్య దొర్లించిన గుండ్రం అది. "పెడల్‌లో వేసే ఇనప గోళీ," అన్నాడు. "చక్రానిది కాదు. పెడల్‌దే."

ఇద్దరూ పిల్ల వంక చూశారు. పిల్ల తల వంచుకుని పట్టీ ఊడదీసింది. దాని అడుగున అంటుకున్న చిన్న గోళీ బల్ల మీద పడి, దొర్లి, తండ్రి చేతి దగ్గర ఆగింది.

"నిన్న ఒక పెడల్‌కి ఒకటి తగ్గింది," అన్నాడు తండ్రి. "కొట్టంతా చీపురు పెట్టి ఊడ్చాను."

"ఈసారి లేదంటే ఇంక రాం అని మొన్న ఇంట్లోనే అన్నావుగా నాన్నా. రాకపోతే నేనింక ఇలాగే ఉండిపోతానుగా."

తండ్రి తిట్టలేదు. గోళీని గుప్పిట్లో మూసుకున్నాడు.

"సరిగ్గా అక్కడే పెట్టాలని ఎలా తెలిసిందే నీకు?" అంది డాక్టరమ్మ.

"మొదటిసారి వచ్చినప్పుడు ఇంకో అమ్మాయి ఫోటోలో మీరే చూపించారుగా. ఇంటికెళ్లి నా వేలి మీద పెన్నుతో చుక్క పెట్టుకున్నాను. కడిగితే పోయేది. మళ్లీ పెట్టుకునేదాన్ని. రోజూ నొక్కి చూసుకునేదాన్ని, గట్టిగా ఏమన్నా తగులుతుందేమోనని."

డాక్టరమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. చుక్క ఉన్న చోట నీలం మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"పోదాం పద," అన్నాడు తండ్రి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి. "తప్పైపోయిందమ్మా. ఆరు నెలలకి మళ్లీ వస్తాం. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్తాం."

"ఉండండి. పట్టీ లేకుండా ఒక్కటి తియ్యనీండి. ఇవాళ్టి ఫిల్ము నా దగ్గర ఉండాలిగా."

రెండో ఫిల్ము వచ్చింది. డాక్టరమ్మ దాన్ని మొదటి దాని పక్కన పెట్టింది. చూసింది. మళ్లీ తీసి మొదటి దాని మీదే పెట్టింది. ఎముక మీద ఎముక సరిపోయేదాకా జరిపింది. తరవాత పక్కకి తప్పుకుని తండ్రికి చోటిచ్చింది.

"గోళీ తీసేశాంగా," అన్నాడు తండ్రి. గుప్పిట తెరిచి చూసుకున్నాడు. గోళీ అందులోనే ఉంది.

పై ఫిల్ములో, గోళీ కప్పేసిన ఆ చోటే, గోళీలో సగమైనా లేని గింజ ఒకటి, మసగ్గా, కొంచెం వంకరగా, పుట్టి ఉంది.