మంచినీళ్ళ బావిలో చేప

పెళ్ళానికి పెన్న నీళ్ళంటే ఇష్టమని ఓబులేసు నెల నుంచి తనే ఏట్లోకి పోయి బిందె మోసుకొస్తున్నాడు. గంగులమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుని మురిసింది.

ఈ పొద్దున ఆ బిందెలో చెంబు ముంచగానే ఏదో చేతికి తగిలింది. తాగే నీళ్ళలో బతికున్న చేప!

"పారెయ్యబాకు మే. దాన్ని బాయిలో వదలాల" అన్నాడు ఓబులేసు. జమ్మలమడుగు మంచినీళ్ళ బావికి కాపలా అతనే, పాచి చావడానికి మైలుతుత్తం మందు వేసేదీ అతనే. బావిలో చేప ఈదుతుంటేనే ఊళ్ళోవాళ్ళు నమ్మి నీళ్ళు తోడుకుంటారు.

"బాయిలో చేప ఉండాది కదా?"

"సచ్చిపాయ. మొన్నటిదీ అంతే."

"మైలుతుత్తం తూకమేసి, గోనెసంచిలో కట్టి, నీళ్ళలో మెల్లగా తిప్పమన్నారంటివే!"

"అంతసేపు ఎవరు తిప్పుతారు? సంచెడూ ఒకేసారి కుమ్మరిస్తాండా. సచ్చిన చేపను తీసి కొత్తది వదిల్తే ఎవరికి తెలుస్తాది?"

"మన వీధి బిడ్డలంతా కక్కుకుంటాండారు కదయ్యా!"

"చేపను చూసుకొనే కదా వాళ్ళు నీళ్ళు తీసుకుపోయింది!"

గంగులమ్మ వాకిట్లోకి పరుగెత్తి భళ్ళున కక్కుకుంది.

ఓబులేసు వెనకే వచ్చి వీపు నిమిరాడు. చెంబు అందించాడు. ఆమె దాన్ని చూసి జడుసుకుంది.

"తాగు, ఏం కాదు. మనం బాయి నీళ్ళు ముట్టి నెలాయ. నేనేమన్నా ఊరికే మోస్తాండానా?"

గంగులమ్మ వీపు మీది చేతిని విదిలించి కొట్టి, మళ్ళీ కక్కుకుంది.