మందు చల్లరాదు

తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా వచ్చాడు. సేంద్రియ పొలాల తనిఖీ అంతే మరి. చెప్పి వస్తే అందరి పొలాలూ సేంద్రియమే.

గేటు పక్కనున్న బోర్డు దగ్గర ఆగాడు. 'ఇది సేంద్రియ క్షేత్రం. మందు చల్లరాదు.' ఆకుపచ్చ రంగులో గుండ్రటి అక్షరాలు. కింద ఓ మూలగా తూనీగ బొమ్మ.

"ఎవరు రాశారండీ? అచ్చు గుద్దినట్టుంది," అన్నాడు.

"మా అమ్మాయి," అన్నాడు రైతు.

"ఏదీ, పిలవండి. ఓ మాట మెచ్చుకుని పోతాను."

"పొలంలో ఉంది."

"ఈ కాలం పిల్లలు పొలంలోకి దిగడమే గొప్ప," అంటూ అధికారి ప్యాంటు మడిచి గట్టెక్కాడు.

మనిషి మాటల పుట్ట. పంట గురించి, ఎండ గురించి, తన మోకాలి నొప్పి గురించి చెబుతూనే ఉన్నాడు. రైతు అడిగినదానికి జవాబిచ్చి ఊరుకుంటున్నాడు. వెనకే వస్తున్న అతని భార్య నుంచి అదీ లేదు.

అధికారికి అనుమానం మొదలైంది. మూడేళ్ళుగా ఒక్క చుక్క రసాయనం వాడకుండా, పురుగు తినగా మిగిలింది అమ్ముకుని బతికిన ఇల్లు అది. ఇవాళ గట్టెక్కితే ధ్రువపత్రం చేతికొచ్చినట్టే. అలాంటి ఇంట్లో మొగుడూ పెళ్ళాం కాలు గాలిన పిల్లుల్లా తిరగాలి. వీళ్ళేమో నోళ్ళు కుట్టేసుకున్నారు. ఏదో దాస్తున్నవాళ్ళే ఇలా ఉంటారని అతని అనుభవం.

"ఊళ్ళో జ్వరాలట కదా. దోమల పొగబండి ఇటు రాలేదా?" కూపీ లాగాడు.

"వచ్చింది. బోర్డు చూపించి వెనక్కి పంపేశాను."

"శభాష్! చాలామంది అక్కడే దెబ్బతింటారు."

ఆ శభాష్ రైతు చెవికెక్కినట్టు లేదు.

పొలం వంక పెట్టడానికి లేకుండా ఉంది. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి ఇటు రాకుండా అంచున వదిలిన జాగా, దాని మీద దట్టంగా కంది మొక్కలు. అన్నీ పద్ధతి ప్రకారమే. తూర్పు మూలకి వచ్చాక మాత్రం అధికారి కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ కాస్త మేర పంట లేదు. మట్టి కొత్తగా తవ్వి చదును చేసినట్టుంది. పైన ఎండుగడ్డి కప్పారు.

"ఇక్కడేం మొలవలేదేం?"

"విత్తలేదు."

"మందు డబ్బాలు గానీ పాతిపెట్టారా?"

"లేదు."

అధికారి సంచీలోంచి చిన్న పార తీసి వంగాడు. రైతు గభాల్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడొద్దు సార్. ఇంకెక్కడైనా తీసుకోండి."

"వద్దన్నచోటే తీయాలండీ. మా ఉద్యోగం అలాంటిది."

రైతు చెయ్యి వదిలేశాడు. అధికారి గడ్డి పక్కకి తోసి, గుప్పెడు మట్టి తీసి, కవర్లో వేసి మూతి బిగించాడు. రైతు భార్య ఆ కవరు వంకే చూస్తోంది.

"పరీక్ష అయ్యాక ఆ మట్టి తిరిగిస్తారా?" అనడిగింది.

అధికారి పకపకా నవ్వాడు. "గుప్పెడు మట్టి కూడా వదలరేంటమ్మా!"

ఆమె ఇంటిదారి పట్టింది.

ఇల్లు కూడా వెతికితే, అలమర వెనక దొరికింది డబ్బా. దోమల మీద కొట్టే మందు. మూత కూడా తీయలేదు. దొంగ దొరికాడనుకున్నాడు అధికారి. కానీ రైతే తెల్లబోయి చూస్తున్నాడు.

"నేనే కొన్నాను," అంది భార్య. "చెబితే ఆయన ఒప్పుకోరని దాచాను. తెచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఇక వాడే పని లేకపోయింది."

అధికారికి జాలేసింది. "దీనికెందుకమ్మా ఇంత దాపరికం? ఇంట్లో దోమలకి కొట్టుకుంటే మాకేం అభ్యంతరం? నిబంధన పొలానికి గానీ ఇంటికి కాదు."

రైతు ఆ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "మరి పొగబండి?"

"ఇంటి చుట్టూ నిక్షేపంగా పెట్టించుకోవచ్చు. ముందుగా మాకో మాట చెప్పి, ఇంటిని ఆనుకున్న నాలుగు సాళ్ళ పంట విడిగా తీస్తే సరి. ఇలాంటివి అడగడానికే కదండీ సహాయ కేంద్రం పెట్టింది! ఒక్క ఫోన్ చేస్తే అన్నీ చెబుతారు. ఎవరూ చేయరు."

"నాలుగు సాళ్ళు," అన్నాడు రైతు.

"అంతే."

"నాలుగు సాళ్ళు," అన్నాడు మళ్ళీ. అతని గొంతులో కోపం లేదు, బాధ లేదు. గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

అనుమానం తీరాక మనసు తేలికై, మోటారు సైకిలెక్కి హెల్మెట్ పెట్టుకున్నాడు అధికారి.

"మట్టి పరీక్ష ఒక్కటే మిగిలింది. అందులో ఏం తేలకపోతే ధ్రువపత్రం మీదే. ఇకనైనా కాస్త నవ్వండి. ఆఁ, బోర్డు చాలా బాగుందన్నానని మీ అమ్మాయికి చెప్పండి."

"చెబుతాం," అంది రైతు భార్య.

బండి మలుపు తిరిగాక ఆమె గేటు దగ్గరికి వెళ్ళి బోర్డు పట్టుకుని ఊపింది. ఊడి రాలేదు. రైతు లేచి వచ్చి, తానూ ఓ చెయ్యి వేసి పీకాడు. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ చేలోకి నడిచారు.

తూర్పు మూలన చెదిరిన గడ్డిని మళ్ళీ సర్ది, జ్వరంతో పోయిన కూతుర్ని పడుకోబెట్టిన చోట, తలాపున, ఆ బోర్డు పాతారు.